మీ ప్రశ్న – మా జవాబు: గులాబీలు వేసిన ప్రొఫెసర్

ప్రశ్న: డెన్మార్క్ చిత్రకారుడు యూహాన్ లారెంట్స్ యెన్సెన్ వేసిన గులాబీల చిత్రాన్ని ఇటీవల ఒక సంచికలో చూశాను. పూలు, పండ్లు మాత్రమే వేసిన మనిషికి ఆ రోజుల్లో అంత పేరు ఎలా వచ్చింది? ఆయన జీవిత విశేషాలు తెలుపగలరా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ సందేహం సహేతుకమైనదే. ఆ కాలపు యూరప్ అకాడమీలు (చిత్రకళా విద్యాసంస్థలు) పురాణ, చారిత్రక ఘట్టాల చిత్రాలకు పెద్దపీట వేసి, పూలగుత్తులకూ పండ్ల పళ్లేలకూ చివరి వరుసలో చోటిచ్చేవి. అయినా యెన్సెన్ నిలదొక్కుకున్నారంటే, అందుకు ముఖ్య కారణం పింగాణీ అని నా అభిప్రాయం.

ఆయన 1800లో కోపెన్‌హేగెన్ సమీపంలోని గెంటోఫ్టెలో జన్మించారు. డెన్మార్క్ చిత్రకళా స్వర్ణయుగానికి ఆద్యుడైన ఎకర్స్‌బెర్గ్ దగ్గర రాజధానిలోని అకాడమీలో చదివి, 1822లో పారిస్ వెళ్లి, నెదర్లాండ్స్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన వాన్ స్పాండాంక్ సోదరుల పూల చిత్రణ సంప్రదాయాన్ని నేర్చుకున్నారు. పారిస్ దగ్గరి సేవ్ర్ పింగాణీ కార్ఖానాలో పింగాణీపై రంగులు వేసే విద్యను కూడా అభ్యసించారు. 1825 నుంచి 1840 వరకు కోపెన్‌హేగెన్ రాజ పింగాణీ కార్ఖానాలో ఆయనే ప్రధాన చిత్రకారుడు.

ఈ పని ఎంత కఠినమైనదో కొంచెం చెప్పాలి. కాన్వాసుపై తైలవర్ణం కుదరకపోతే గీకివేసి మళ్లీ దిద్దుకోవచ్చు. పింగాణీ రంగులు లోహాల ఆక్సైడ్లతో చేసినవి కనుక, పూసేటప్పుడు కనిపించే రంగు వేరు, కొలిమిలో కాలిన తరువాత నిలిచే రంగు వేరు. కాలిన గులాబీ రేకు ఏ ఛాయకు తేలుతుందో కుంచె ముంచకముందే చిత్రకారుడి మనసులో స్థిరపడి ఉండాలి. యెన్సెన్ తైలచిత్రాలలో రేకుల అంచులు ఏ తడబాటూ లేకుండా తీరి ఉండటం ఈ సాధన ఫలితమేనని నమ్ముతాను.

1833–35 మధ్య ఆయన ఇటలీలో ఉన్నారు. ప్రసిద్ధ శిల్పి థోర్వాల్డ్‌సెన్ సేకరించిన యెన్సెన్ పూల చిత్రాలు నేటికీ కోపెన్‌హేగెన్‌లోని ఆ శిల్పి మ్యూజియంలో ఉన్నాయి. 1835లో ప్రొఫెసర్ బిరుదు లభించింది.

నన్ను ఎక్కువగా ఆకర్షించేది మాత్రం ఆయన గురుత్వం. స్త్రీలకు అకాడమీ ప్రవేశం లేని ఆ రోజుల్లో, క్రిస్టీన్ లోవ్‌మన్, ఎమ్మా టామ్సెన్ వంటివారు ఆయన దగ్గరే పూల చిత్రణ నేర్చుకుని చిత్రకారిణులుగా ఎదిగారు. యెన్సెన్ 1856లో కన్నుమూశారు. అకాడమీ స్త్రీల కోసం చిత్రకళా పాఠశాల తెరిచింది ఆ తరువాత 32 ఏళ్లకు, 1888లో.