నగోయాలో రెండు రాత్రులు ఆగు, బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన పది రోజుల ప్లాన్ చూశాను. టోక్యో నాలుగు రోజులు, క్యోటో మూడు, ఒసాకా మూడు. నగోయా మీదుగానే షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో పోతావు కానీ దిగవు. తొమ్మిదేళ్లు ఆ ఊళ్లో కాపురం చేసినదాన్ని, నాకు మనసొప్పలేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను. క్యోటోలో ఒక రోజు, ఒసాకాలో ఒక రోజు తగ్గించు. శుక్రవారం సాయంత్రం నగోయాలో దిగి, ఆదివారం సాయంత్రం క్యోటో బండెక్కు.

ఆ ఊరిని జపాన్ వాళ్లే పెద్దగా పట్టించుకోరు. 2016లో నగోయా నగర పాలనే ఎనిమిది పెద్ద నగరాల్లో సర్వే చేయిస్తే, వెళ్లి చూడాలనిపించే ఊళ్ల లెక్కలో నగోయా అన్నిటికన్నా చివర నిలిచింది. టోక్యో నుంచి గంటా నలభై నిమిషాలు, అక్కణ్నుంచి క్యోటోకి ముప్పావు గంట కూడా పట్టదు. దారిలో ఉన్న ఊరు కదా, అందరూ కిటికీలోంచి చూసి వెళ్లిపోతారు.

ఫొటోల కోసం తిరిగేవాళ్లకి నగోయా అంతగా నచ్చకపోవచ్చు. అది పని చేసుకుని బతికే ఊరు. ఒక వస్తువు ఎట్లా తయారవుతుందో దగ్గర నిలబడి చూడాలనే కోరిక ఉంటే మాత్రం దానికి సాటి వచ్చే ఊరు నేను చూడలేదు. నువ్వు పోచంపల్లి మగ్గం గుంట పక్కన ఆడుకుంటూ పెరిగినదానివి. నీకు నచ్చుతుందని నాకు నమ్మకం.

శనివారం పొద్దున్నే టొయోటా వాళ్ల పరిశ్రమ, సాంకేతిక స్మారక మ్యూజియానికి వెళ్లు. కార్ల మ్యూజియం అనుకుని అల్లుడు ఎగిరి గంతేస్తాడు. కార్లు ఉన్నాయి, అవి తర్వాత. ముందు ఉన్నదంతా మగ్గాలే. టొయోటా మొదలైందే మగ్గాల దగ్గర. వడ్రంగి కొడుకు సకిచి టొయోడా, ఇంట్లో తల్లి నేత నేస్తూ పడే కష్టం చూసి చెక్క మగ్గాన్ని మెరుగుపరిచాడని అక్కడ చెబుతారు. దానికి 1891లో పేటెంట్ వచ్చింది. అది విన్నప్పుడు నాకు మన చింతకింది మల్లేశం గారే గుర్తొచ్చారు. నేతకి ముందు నూలుని మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని, ఆసు, పోసీ పోసీ అమ్మ భుజాలు పడిపోతున్నాయని ఆయన ఆసు యంత్రం చేసి, దానికి అమ్మ పేరే, లక్ష్మి అని పెట్టారు కదా. 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. అంత దూరంలో, వందేళ్ల కింద, అదే నొప్పి చూసి అదే పని చేసినవాడు ఇంకొకడు ఉన్నాడని తెలిసిన రోజు నేను ఆ హాల్లో నిలబడి ఏడ్చాను.

పాత నూలు మిల్లు ఉన్న చోటే మ్యూజియం చేశారు. ఎర్ర ఇటుక గోడలు అట్లాగే ఉన్నాయి. దూదిలోంచి నూలు తీయడం దగ్గర్నుంచి అక్కడి సిబ్బంది చేసి చూపిస్తారు, యంత్రాలు నడిపి చూపిస్తారు. 1924 నాటి జి-రకం మగ్గం దగ్గర తొందరపడకు. నాడెలో, అంటే అడ్డపోగుని అటూ ఇటూ మోసేదానిలో, నూలు అయిపోవస్తే, మగ్గం ఆగకుండానే కొత్త నాడె వచ్చి పడుతుంది. పడుగులో ఒక్క పోగు తెగినా మగ్గం దానంతటదే ఆగిపోతుంది. తాతయ్య తెగిన పోగు వెతుక్కుంటూ ఎంతసేపు వంగి కూర్చునేవారో నువ్వు చూశావు. పిల్లలకి ఆ సంగతి చెప్పి, అప్పుడు ఆ మగ్గం చూపించు. దాని పేటెంట్ హక్కుల్ని 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ కొనుక్కుంది. కార్ల కంపెనీ పెట్టింది 1937లో, సకిచి కొడుకు కాలంలో. కార్ల వైపు కూడా ఇనుము కాల్చి సాగగొట్టడం కళ్లముందే చూపిస్తారు. సగం రోజు పెట్టుకో, గంటలో అయ్యే పని కాదు. మెయితెత్సు అనేది అక్కడి ప్రైవేటు రైలు కంపెనీ. వాళ్ల నగోయా స్టేషన్ నుంచి లోకల్ బండిలో ఒక్క స్టేషన్ దూరం, సాకో అని దిగాలి. అక్కణ్నుంచి నడకే.

మ్యూజియానికి ముందు టిఫిన్ సంగతి. హోటల్లో బ్రేక్‌ఫస్ట్ బుక్ చేయకు. నగోయాలో ‘మోర్నింగ్’ అని ఒక అలవాటు ఉంది. పొద్దున ఏ పాతకాలపు కాఫీ దుకాణానికైనా వెళ్లి కాఫీ చెబితే, ఆ డబ్బుకే టోస్టు, ఉడికించిన గుడ్డు కూడా తెచ్చి పెడతారు. ఓగురా టోస్ట్ అడుగు. మందపాటి రొట్టె మీద వెన్న, దాని మీద ఎర్ర చిక్కుడు గింజలు ఉడికించి చక్కెర వేసి రుబ్బిన ముద్ద. మొదటిసారి తిన్నప్పుడు మీ పెదనాన్న ‘ఇది బొబ్బట్టులో పూర్ణమే కదే’ అన్నారు. పక్క బల్లల దగ్గర ముసలివాళ్లు పేపర్ చదువుకుంటూ గంటలు గంటలు కూర్చుంటారు, ఎవరూ లేవమనరు. నువ్వూ అరగంట కూర్చో.

మధ్యాహ్నం నగోయా కోటకి వెళ్లు. అప్పట్లో జపాన్‌ని ఏలిన తొకుగావా ఇయెయసు 1610లో మొదలుపెట్టించిన కోట అది. 1945 మేలో బాంబు దాడిలో కాలిపోయింది. ఇప్పుడు కనిపించే పెద్ద బురుజు 1959లో కాంక్రీటుతో కట్టింది. చెక్కతో తిరిగి కడతామని 2018లో మూసేశారు, కాబట్టి లోపలికి ఎక్కాలని ఆశ పెట్టుకోకు. పైకప్పు మీది బంగారు చేపల జంటని కింద నుంచి చూస్తే చాలు. పక్కనే ఉన్న హొన్మారు రాజభవనం మాత్రం తప్పకుండా చూడు. పాత కొలతల ప్రకారం, పాత పద్ధతిలో, మొత్తం చెక్కతో మళ్లీ కట్టి 2018లో పూర్తిగా తెరిచారు. చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టగానే చెక్క వాసన వస్తుంది. బంగారు పూత మీద పులులు, దేవదారు చెట్లు. అసలు బొమ్మల్లో చాలావాటిని దాడికి ముందే తీసి దాచారట, అందుకే మిగిలాయి. గోడల మీద ఉన్నవి వాటిని చూసి, మొదట్లో ఉన్న రంగుల్లో వేసినవి. పిల్లలు కూడా నీ వెంట ఉంటే, బయటికి వచ్చాక వాళ్లకి ఒక ఆట చెప్పు. కోట గోడల రాళ్ల మీద చెక్కిన గుర్తులు వెతకమను. ఒక్కో సామంతుడు తను మోయించి తెచ్చిన రాయి ఎవరిదో తెలియడానికి గుర్తు పెట్టించాడు. మా పిల్లలు దాని మీద పోటీ పడేవాళ్లు.

ఆ కోట కట్టే రోజుల్లో దక్షిణాన క్యూషూ నుంచి వచ్చిన పనివాళ్లు ముడివేసి రంగద్దిన గుడ్డలు వాడేవారట. అది చూసి అరిమత్సులో తకెదా షోకురో అనే ఆయన ఆ అద్దకం మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. ఆదివారం పొద్దున అక్కడికే వెళ్లాలి. మెయితెత్సు రైల్లో అరగంట లోపే. 1608లో, టోక్యోని క్యోటోతో కలిపే పాత తొకైదో దారి పక్కన కట్టుకున్న ఊరు. పొలాలు చాలవు కాబట్టి, దారిన పోయే బాటసారులకి నీలిరంగు చేతిగుడ్డలు అమ్ముకుని బతికారు. వీధికి రెండు వైపులా ఆ వర్తకుల ఇళ్లు ఇంకా ఉన్నాయి. 1784లో ఊరంతా తగలబడ్డాక, నిప్పు అంటుకోకుండా గోడలకి మందంగా సున్నం పూయించుకున్నారు.

మనం చిటికి కట్టేది నూలుకి, నేయకముందు. వాళ్లు కట్టేది నేసిన గుడ్డకి. తేడా అంతే. దారం చుట్టడం, బిగించడం, రంగులో ముంచడం, విప్పడం, అన్నీ మన పనులే. ముళ్లలో నూరుకి పైగా రకాలు ఉన్నాయంటారు. ఒక్కో మనిషి ఒక్కో రకమే జీవితమంతా కడతారు. ఈ ముడి అద్దకాన్ని వాళ్లు షిబొరి అంటారు. షిబొరి కైకాన్ అనే భవనంలో పెద్దావిడలు కూర్చుని కట్టి చూపిస్తుంటారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకు జపనీస్ నాలుగు ముక్కలు కూడా రావు. బ్యాగులోంచి నా పోచంపల్లి దుపట్టా తీసి ఒక పెద్దావిడ ఒళ్లో పెట్టాను. ఆమె అంచు తిప్పి చూసి, రంగు వెనక వైపుకి కూడా పట్టిందని గమనించి, నా వేళ్లు పట్టుకుని చూసింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నువ్వు కూడా ఒక దుపట్టా తీసుకెళ్లు. చేతిగుడ్డ మనమే కట్టుకునే క్లాసు ఉంటుంది, ముందుగా బుక్ చేసుకోవాలి. ఈ పని మాత్రం టికెట్లు కొన్న రోజే చెయ్.

మీ అత్తమ్మ గుడికి పోవాలంటారు కదా. మధ్యాహ్నం కకుఓజాన్ స్టేషన్‌లో దిగి నిత్తాయిజికి తీసుకెళ్లు. 1898లో మన ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా దగ్గర స్తూపం తవ్వితే బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు, దొరికాయి. బ్రిటిష్ వాళ్లు వాటిని సియాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజుకిస్తే, ఆయన 1900లో కొంత జపాన్‌కి ఇచ్చాడు. వాటి కోసం 1904లో కట్టిన గుడి ఇది. ఏ ఒక్క శాఖకీ చెందదు. ధాతువుల స్తూపం గుడి ప్రాంగణంలో ఉండదు, కొంచెం నడవాలి. చాలామంది గుడి చూసి తిరిగి వచ్చేస్తారు, మీరు అడిగి వెళ్లండి. ఓపిక ఉంటే పక్కనే యోకిసో అనే పాత బంగళా చూడండి. మత్సుజకాయా షాపుల యజమాని 1937లో కట్టించాడు. నేలమాళిగలో మన అజంతాని గుర్తుచేసే గోడ బొమ్మలు ఉన్నాయి.

పిల్లలు రైళ్లంటే పడి చస్తారు కాబట్టి, అల్లుడు వాళ్లని శనివారం మధ్యాహ్నం రైల్వే పార్కు అనే రైళ్ల మ్యూజియానికి తీసుకెళ్తే నీకు కోట దగ్గర తీరిక దొరుకుతుంది. 2003లో గంటకి 581 కిలోమీటర్ల వేగం అందుకున్న మాగ్లెవ్ బండి, అంటే అయస్కాంత శక్తితో తేలుతూ పోయే రైలు, అక్కడే ఉంది. మిగతావన్నీ ఎంచక్కా వదిలేయండి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ గుర్తుండదు.

ఇక కొన్ని చిన్న సంగతులు. శని, ఆదివారాల్లో ‘దొనిచి ఎకో’ టికెట్ కొనండి. 620 యెన్‌లకి రోజంతా మెట్రో, సిటీ బస్సులు తిరగొచ్చు. మెయితెత్సు రైలుకి అది చెల్లదు, దానికి వేరే కొనాలి. తేదీలు మారితే గుర్తుపెట్టుకో, మగ్గాల మ్యూజియం సోమవారం, రైల్వే పార్కు మంగళవారం సెలవు.

తిండి దగ్గర జాగ్రత్త. అత్తమ్మ నీచు ముట్టరు. ‘మాంసం లేదు’ అని చెప్పినా నూడిల్స్ పులుసులో ఎండు చేపల రసం ఉంటుంది. అక్కడి వాళ్ల లెక్కలో అది మాంసం కిందికి రాదు. మా అమ్మ, అంటే నీ అమ్మమ్మ, వచ్చినప్పుడు ఒక దుకాణంలో నేను అడగకుండానే కిషిమెన్ అనే వెడల్పు నూడిల్స్ పెట్టించాను. సగం తిన్నాక తెలిసింది. ఆ రోజు శనివారం, ఆమెకి ఒక్కపొద్దు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు కానీ, నాకు ఆ బాధ పోలేదు. అందుకని చేపల రసం పేరు ‘దాషి’ అని నేర్చుకుని, అది ఉందా అని ప్రత్యేకంగా అడుగు. కంది పొడి, నెయ్యి సీసా పెట్టుకెళ్లు. వేడి చేసుకునే అన్నం డబ్బాలు ఏ చిన్న షాపులోనైనా దొరుకుతాయి.

ఒక పని చేసిపెట్టు. అరిమత్సులో ముళ్లు విప్పాక కూడా గుడ్డ బుడిపెలు బుడిపెలుగా నిలబడి ఉంటుంది. అట్లాంటిది ఒకటి కొని, ఇస్త్రీ చేయకుండా, మడత పెట్టకుండా, డబ్బాలో పెట్టి తీసుకురా. అమ్మమ్మకి చూపు బాగా తగ్గింది. వేళ్లతో తడిమి ఏ ముడి కట్టారో తనే చెబుతుంది.

మీ పెద్దమ్మ