బడి సరే, మధ్యలో రేవు సంగతేమిటి?

"పేద దేశాల్లో ఆడపిల్లల చదువు పెరగాలంటే మరిన్ని బడులు కడితే సరిపోతుందా?" అని మీరు అడిగారు. కోనసీమలో గోదావరి పాయల మధ్యనున్న ఒక లంక గ్రామంలో పుట్టి చదువుకున్నదాన్ని కాబట్టి, సరిపోదనే చెబుతాను. బడి ఉండటం ఒక ఎత్తు, ఇంటికీ బడికీ మధ్యనున్న దారి మరొక ఎత్తు. మా అక్క చదువు ఆ దారిలోనే ఆగిపోయింది.

మా ఊళ్లో బడి అయిదో తరగతి వరకే ఉండేది. ఆరో తరగతి నుంచి పాయ దాటి, ఏటిగట్టు మీద రెండు కిలోమీటర్లు నడిచి హైస్కూలుకు వెళ్లాలి. జులైలో ఎర్రనీరు వచ్చి కాజ్‌వే మునిగిందంటే ఇక పడవే దిక్కు. మనుషులు నిండేదాకా పడవ కదిలేది కాదు కాబట్టి ఉదయం మొదటి పీరియడ్ ఎలాగూ పోయేది, సాయంత్రం రేవులోనే చీకటి పడేది. అక్క పెద్దమనిషి అయిన మరుసటి ఏడాది అమ్మ ఆమెను ఎనిమిదో తరగతికి పంపలేదు. అమ్మకు చదువంటే గిట్టక కాదు; నాన్న కొబ్బరి దింపుకు, తాను కాయల వలుపుకు పోతే చీకట్లో రేవు దగ్గర పిల్లకు తోడు నిలబడే మనిషి ఇంట్లో లేరు. బడిలో మరుగుదొడ్డికి తలుపు లేకపోవడం కూడా ఒక కారణమేనని అక్క నాకు చాలా ఏళ్ల తరవాత చెప్పింది. తమ్ముడు మాత్రం అదే పడవలో పదో తరగతి దాకా వెళ్లాడు. ఇదే గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం 1874లోనే బాలికల పాఠశాల పెట్టారని ఆ తమ్ముడే పాఠం వల్లె వేస్తుంటే, అక్క పక్కన కూర్చుని వినేది.

నన్ను గట్టెక్కించింది అమలాపురంలోని సంక్షేమ హాస్టల్. రాత్రి గేటుకు తాళం వేస్తారని తెలిశాకే నాన్న ఒప్పుకుని, నా ట్రంకుపెట్టెను రేవు నుంచి బస్సు దాకా నెత్తిన మోశాడు. 2004లో మొదలైన, ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలను నేను గట్టిగా సమర్థించేది అందుకే.

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే వర్తిస్తుంది. మా వైపు సంబంధాల మాట మొదలయ్యేది సరిగ్గా ఆ వయసు దాటాకే. బంగ్లాదేశ్‌లో 1994 నుంచి గ్రామాల్లోని హైస్కూలు బాలికలకు ఉపకారవేతనం ఇచ్చినప్పుడు 75 శాతం హాజరు, 45 శాతం మార్కులతో పాటు పెళ్లి కాకుండా ఉండాలనే షరతూ పెట్టారు. డబ్బు కన్నా ఆ షరతే గొప్పదని నాకనిపిస్తుంది, ఎందుకంటే మేనరికం కోసం తొందరపెట్టే చుట్టాల ముందు తండ్రి చెప్పుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లు ఇస్తే, హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ మేలు జరిగింది. అయితే సైకిలు ఏరు దాటించదు. లంకల్లో కావలసింది వంతెన, అది వచ్చేలోపు హాస్టల్.

అక్క కూతురు ఇప్పుడు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఎర్రనీరు కనబడగానే అక్క దానికి ఫోను చేసి, ఈ ఆదివారం ఇంటికి రావద్దని చెబుతుంది.