ఆర్తుర్ చిలింగారోవ్: రష్యా పార్లమెంటులో ధ్రువ అన్వేషకుడు

సముద్రం అడుగున జెండా పాతిన రష్యా ఎంపీ ఎవరని అడిగారు. ఆయన ఆర్తుర్ చిలింగారోవ్. 1939లో లెనిన్‌గ్రాడ్‌లో పుట్టారు. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న ‘మిఖాయిల్ సోమొవ్’ నౌకను 1985లో విడిపించిన యాత్రకు నాయకత్వం వహించి, మరుసటి ఏడాది ‘సోవియట్ యూనియన్ వీరుడు’ బిరుదు పొందారు. నన్ను అడిగితే ఆయన జీవితంలో అసలైన ఘనకార్యం ఇదే.

1993లో ఆర్కిటిక్ తీరంలోని నెనెత్స్ ప్రాంతం నుంచి దిగువ సభ దూమాకు ఎన్నికై, 2011 వరకు కొనసాగారు. చాలా ఏళ్లు ఉపసభాపతిగానూ ఉన్నారు. ఎంపీగా ఉండగానే, 2007 ఆగస్టు 2న ‘మీర్-1’ జలాంతర వాహనంలో ఉత్తర ధ్రువం వద్ద 4,200 మీటర్లకు పైగా లోతుకు దిగారు. అక్కడ టైటానియం జెండా నాటారు. కెనడా గట్టిగా అభ్యంతరం చెప్పింది. నిజానికి జెండా పాతితే ఆ సముద్రగర్భంపై హక్కు రాదు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం, తమ ఖండపు అంచు నీటి అడుగున ఎంతవరకు సాగిందో శాస్త్రీయ ఆధారాలతో చూపాలి. అయినా అరవై ఏడేళ్ల వయసులో ఆ చీకటి నీళ్లలోకి దిగడానికి ఎంతో గుండె ధైర్యం కావాలి.

తర్వాత ఎగువ సభకు వెళ్లారు. 2016లో మళ్లీ దూమాకు ఎన్నికయ్యారు. 2024 జూన్ 1న, 84 ఏళ్ల వయసులో మరణించారు.