మీ ప్రశ్నలు: రేసు కారుకు క్యాస్టర్ సెట్ చేయడం

ప్రశ్న: కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ (విద్యార్థులు కట్టిన రేసు కార్ల) పోటీకి కారు కడుతున్నాం. ముందు చక్రాలకు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పట్టుకునే V ఆకారపు చట్రాలు, పైన ఒకటి, కింద ఒకటి), డిజైన్ క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ అక్షం చుట్టూ తిరుగుతుందో అది పక్కనుంచి చూస్తే వెనక్కి వాలిన కోణం) 5°. అలైన్‌మెంట్ మెషీన్ లేకుండా కొలిచేదెలా, మార్చేదెలా?
– ఇంజినీరింగ్ విద్యార్థులు, కాకినాడ

జవాబు: ముందు నేల మట్టం చూడండి. మేస్త్రీల నీళ్ల గొట్టంతో నాలుగు చక్రాల చోటా కొలిచి, పల్లంగా ఉన్నచోట రేకుముక్కలు వేయండి. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 1550 మి.మీ. ఉన్న కారు వెనకవైపు 27 మి.మీ. లేచి ఉంటే క్యాస్టర్ 1° తక్కువ చూపిస్తుంది. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్‌ని సీట్లో కూర్చోబెట్టండి.

ముందు చక్రాల కింద గ్రీజు రాసిన నున్నటి రేకులు రెండేసి పెట్టండి. బ్రేకు తొక్కే ఉంచాలి, లేకపోతే తిప్పేటప్పుడు చక్రం దొర్లుతుంది. చక్రం ముందుభాగాన్ని బయటికి 20° తిప్పి, రిమ్ మీద డిజిటల్ యాంగిల్ గేజ్ ఆనించి క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకి వాలిన కోణం; పైభాగం కారు వైపు వాలితే నెగటివ్) రాసుకోండి. లోపలికి 20° తిప్పి మళ్లీ రాసుకోండి. మొదటి అంకెలోంచి రెండోది తీసేసి 1.46తో గుణించండి. +0.7°, −2.7° వస్తే తేడా 3.4°, అంటే క్యాస్టర్ దాదాపు 5°. చక్రం అంత తిరగకపోతే 15° దగ్గరే ఆపి 1.93తో గుణించండి. ఈ 20° కొలవాల్సింది చక్రం దగ్గర, స్టీరింగ్ వీల్ దగ్గర కాదు.

మార్చేది పై విష్‌బోన్‌లో. దాని ముందు ఆర్మ్ (V ముందు కాలు) రాడ్ ఎండ్‌ని, అంటే చివర మరతో బిగించే కీలుని, బయటికి విప్పి, వెనక ఆర్మ్‌ది అంతే లోపలికి తిప్పితే పై బాల్ జాయింట్ (విష్‌బోన్‌ని చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) వెనక్కి జరుగుతుంది, క్యాస్టర్ పెరుగుతుంది. రెండు బాల్ జాయింట్ల మధ్య ఎత్తు 200 మి.మీ. అయితే 1° కోసం 3.5 మి.మీ. జరగాలి. ఆర్మ్‌లు కారు పొడవుకు 45°లో ఉంటే, 1.25 పిచ్ (చుట్టుకు 1.25 మి.మీ. జరిగే) ఎం8 (8 మి.మీ.) థ్రెడ్ మీద చెరో రెండు చుట్లు. థ్రెడ్ కనీసం 12 మి.మీ. లోపలే ఉండాలి, ఇందులో రాజీ వద్దు.

తర్వాత క్యాంబర్, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) మళ్లీ చూస్తారు సరే, బంప్ స్టీర్‌ని (చక్రం పైకీ కిందకీ ఆడితే టో దానంతట అదే మారడాన్ని) చాలామంది వదిలేస్తారు. అప్‌రైట్ (చక్రాన్ని మోస్తూ రెండు బాల్ జాయింట్లను కలిపే భాగం) వెనక్కి వాలితే, ఇరుసుకు ముందున్న స్టీరింగ్ ఆర్మ్ పైకి లేస్తుంది. ఆర్మ్ 70 మి.మీ. ముందుంటే 1°కి 1.2 మి.మీ. డ్యాంపర్ విప్పేసి చక్రాన్ని 25 మి.మీ. పైకీ కిందకీ ఆడించి టో చూడండి. మారుతుంటే టై రాడ్ (స్టీరింగ్ ఆర్మ్‌ని తిప్పే కడ్డీ) చివర స్పేసర్లు మార్చి, లేచినంత దించండి.

ప్రశ్న: క్యాస్టర్ 7° పెడితే మలుపుల్లో గ్రిప్ పెరుగుతుందా?

జవాబు: బాగా ముడుచుకున్న మలుపుల్లోనే. 20° తిరిగినప్పుడు 7° క్యాస్టర్ బయటి చక్రానికి 2.4° నెగటివ్ క్యాంబర్ ఇస్తుంది, 8° కింగ్‌పిన్ వాలు (అదే అక్షం ముందు నుంచి చూస్తే లోపలికి వాలిన కోణం) అందులో అర డిగ్రీ తినేస్తుంది. 5° మాత్రమే తిరిగే చోట దక్కేది 0.6°. 260 మి.మీ. వ్యాసార్థం టైరుకు ట్రెయిల్ (ఆ అక్షం నేలను తాకే చోటు నుంచి టైరు నేలను తాకే చోటుకు వెనక్కి ఉన్న దూరం) మాత్రం 23 నుంచి 32 మి.మీ.కి పెరిగి స్టీరింగ్ బరువెక్కుతుంది. 22 కి.మీ. ఎండ్యూరెన్స్ (దూరపు పరుగు) పోటీలో డ్రైవర్ చేతులు పడిపోతాయి. 5° దగ్గరే మొదలుపెట్టండి.

ప్రశ్న: కారు ఎడమకు లాగుతోంది. టో సరిగానే ఉంది.

జవాబు: గాలి, బ్రేకు పట్టేయడం చూశాక, రెండు వైపులా క్యాస్టర్ కొలవండి. తక్కువున్న వైపుకే కారు లాగుతుంది. తేడా 0.3° లోపు ఉంచండి.