కలిసి ప్రార్థించినంత మాత్రాన విశ్వాసం కాపురానికి కేంద్రమవుతుందా?

ఆదివారం గుడికి (చర్చికి) తప్పక వచ్చే మీ భర్త ఇంట్లో కుటుంబ ప్రార్థనకు మాత్రం కూర్చోవడం లేదని, ఇటువంటప్పుడు విశ్వాసాన్ని దాంపత్యానికి కేంద్రంగా ఎలా నిలుపుకోవాలని మీరు అడిగారు. నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. ప్రార్థనకు రాని భర్త కంటే, ప్రార్థనలో కూర్చుని భార్య మీద ఫిర్యాదు చేసే భర్త వల్లనే కాపురానికి ఎక్కువ నష్టం.

మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. కోత పండుగ నాడు విశ్వాసులు తెచ్చిన అరటి గెలలు, గుమ్మడికాయలు, నాటు కోళ్లు, పిండివంటలు ఆరాధన ముగిశాక గుడి ఆవరణలోనే వేలం వేస్తారు. ఆ సొమ్ము దేవునికే గనుక ధర ఎంత పెరిగినా ఎవరూ కాదనరు. ఒక ఏడాది ఒక గుమ్మడికాయ దగ్గర మావారికీ ఆయన పెదనాన్నగారి అబ్బాయికీ పోటీ పడింది. పాస్టరు అయ్యగారు నవ్వుతూ వేలం పాట పెంచుతున్నారు, కుర్రవాళ్లు చప్పట్లు కొడుతున్నారు, చివరకు ఆ కాయ నాలుగు వేలకు మా ఇంటికి వచ్చింది. అమ్మాయి స్కూలు ఫీజుకని బీరువాలో దాచిన డబ్బు అది.

ఆ రాత్రి ప్రార్థనలో, నేను మధ్యాహ్నం నుంచి ముభావంగా ఉన్నందుకు, మావారు గొంతు పెంచి, "ప్రభువా, నా భార్యకు ఉత్సాహముగా ఇచ్చు హృదయమును దయచేయుము" అని వేడుకున్నారు. అమ్మాయి కళ్లు తెరిచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆమేన్ అన్నాక నేను, "ఏమండీ, నా మీద ఏమైనా ఉంటే నాతో చెప్పండి, దేవుడికి చాడీలు చెప్పకండి" అన్నాను. అత్తయ్యగారు నన్ను మందలిస్తారనుకున్నాను. ఆవిడ బైబిలు మూసి, కొడుకు వైపు తిరిగి, "ఫీజు డబ్బు తీశావట్రా?" అని మాత్రం అడిగారు. ఆయన చాలాసేపటికి గానీ తల ఎత్తలేదు. అన్న ముందు తగ్గలేకపోయానని, కానుక సంగతి అప్పుడు తన మనసులోనే లేదని ఒప్పుకున్నారు. మా పెళ్లయ్యాక మేము నిజంగా దేవుని యెదుట కూర్చున్నది ఆ రాత్రేనని నేను ఇప్పటికీ అంటాను.

ఆనాటి నుంచి దశమభాగమైనా (రాబడిలో దేవునికిచ్చే పదో వంతు), ప్రత్యేక కానుకైనా ఇద్దరం కూర్చుని నిర్ణయించుకున్నాకే కవరులో పెడుతున్నాం. ప్రార్థనలో ఒకరి లోపాలను ఒకరు ప్రస్తావించకూడదన్నది రెండో కట్టడి. మొదటి పేతురు పత్రిక మూడవ అధ్యాయం ఏడవ వచనంలో భార్యను సన్మానించమని పురుషులకు చెబుతూ, "మీ ప్రార్థనలకు అభ్యంతరము కలుగకుండునట్లు" అని కారణం కూడా రాసి ఉంది. ఇంట్లో భార్యతో నడిచే తీరు బాగాలేకపోతే మగవాని ప్రార్థనకే ఆటంకమన్న ఈ మాట పెళ్లి ప్రసంగాల్లో నేనైతే వినలేదు. అక్కడ ఎఫెసీ పత్రిక అయిదవ అధ్యాయం ఇరవై రెండవ వచనంతో మొదలై, భార్య లోబడాలన్న చోట అరగంట ఆగుతుంది. ఒకరికొకరు లోబడమన్న ఇరవై ఒకటవ వచనం దానికి ముందే ఉంది, క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్లు భార్యను ప్రేమించమన్న ఇరవై అయిదవ వచనం తరువాత ఉంది. బిర్యానీ చల్లారిపోతుందన్న తొందర ఆ రెండింటికే ఎందుకు వస్తుందో నాకు అర్థం కాదు. పెళ్లికి ముందు వివాహ ప్రకటనలు మూడు ఆదివారాలు గుడిలో చదివే సంఘం, ఆ మూడు వారాల్లో ఒక్క సాయంత్రం వధూవరులను కూర్చోబెట్టి డబ్బు గురించి, అత్తవారింటి గురించి మాట్లాడితే ఎంత మేలు!

ఇక మీ భర్త విషయం. ఆయనను పైకి ప్రార్థించమని బలవంతపెట్టకండి. వాక్యభాగం చదవమనండి, లేదా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఆయనకు వచ్చిన పాట ఒకటి ఎత్తుకోమనండి. పైకి నోరు తెరవడానికి సిగ్గుపడే మగవాళ్లు పాటకు గొంతు కలుపుతారు. మరీ ముఖ్యంగా, స్త్రీల మైత్రి (సంఘంలోని స్త్రీల సమాజం) కూడికలో ఆయన ఆత్మీయ స్థితిని గురించి ప్రార్థన మనవి ఇస్తున్నట్లయితే మానండి. ఆదివారం గుడి మెట్ల దగ్గర ఇద్దరు ముగ్గురు పెద్దమ్మలు "నీ కోసం కన్నీళ్లతో ప్రార్థిస్తున్నాం నాయనా" అంటే, ఆ మాట ఇంట్లోంచే బయటికి వెళ్లిందని ఆయనకు తెలియదా? మావారి ప్రార్థనను నేను చాడీ అన్నట్లే, మీ మనవిని ఆయన చాడీ అనుకుంటే తప్పు పట్టలేము.