ఆటవెలది రెండో పాదం ఎక్కడ కుంటుతోంది?

మారతహళ్లి వాన మీద మీరు రాసిన ఆటవెలది (నాలుగు పాదాల తెలుగు ఛందస్సు) పద్యానికి ఇక్కడి బెంగళూరు మిత్రులంతా ‘బాగుంది’ అన్నారు, ఒక్కరు మాత్రం ‘రెండో పాదం కుంటుతోంది’ అని ఊరుకున్నారు, తప్పెక్కడో తెలియట్లేదు అని అడిగారు కదా. ఆ ఒక్కరి మాటే నిజం, మీకు పనికొచ్చేదీ అదే.

లఘువు అంటే పొట్టిగా పలికే అక్షరం, గురువు అంటే పొడుగ్గా పలికేది, వీటి గుంపే గణం. 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (సూర్యగణాల కంటే పెద్దవి). 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే: మూడు లఘువుల నగణం, లేదా గురువు, లఘువు కలిసిన హగణం. రెండూ లఘువుతోనే ముగుస్తాయి కాబట్టి ఈ పాదాల్లో రెండు గురువులు పక్కపక్కన రానే రావు. ముందు ఇదొక్కటి చూసుకోండి, సగం తప్పులు దొరుకుతాయి.

మీ పాదం ‘చల్లగా వచ్చింది’ అని మొదలైంది. ‘చల్ల’ హగణం, సరే. ‘గా’ గురువు, ద్విత్వం (‘చ్చి’ లాంటి ఒత్తక్షరం) ముందున్న ‘వ’ కూడా గురువే. అక్కడ విరిగింది. ‘చల్లగాను వచ్చె’ అనండి: చల్ల, గాను, వచ్చె, మూడూ హగణాలే, అర్థమూ మారదు. ‘వచ్చింది’, ‘పోయింది’ లాంటి వాడుక క్రియలు సరిపాదాల్లో ఎక్కడా ఇమడవు. బేసిపాదాల చివర తగణంగా (రెండు గురువులు, ఒక లఘువు ఉన్న ఇంద్రగణం) పెట్టుకోండి. నాలుగో గణం తొలి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన, కుదిరిందా అన్నదీ చూడండి.

ఈసారి పద్యం పంపేటప్పుడు గణాల మధ్య గీతలు పెట్టి, ‘ఎలా ఉంది’ అనకుండా ‘చదువుతూ ఎక్కడ ఆగారు’ అని అడగండి. యూనికోడ్‌లోనే పంపండి. యూనికోడ్ కాని అను ఫాంట్లయితే ఫోన్లో అక్షరాలు గజిబిజి అవుతాయి.