దాసుగారి పాత్రకు ముందు చిడతలు

ప్రశ్న: హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారిపై మేం తీస్తున్న లఘుచిత్రంలో ఆయన పాత్ర నాది. రెండు నెలల టైముంది. ఎలా సిద్ధమవ్వాలి?
– ఓ కళాశాల విద్యార్థి, విజయనగరం

జవాబు: ముందు సన్నివేశం ఏ ఏడాదిదో దర్శకుణ్ని అడగండి బాబూ. దాసుగారు 1864లో పుట్టారు. 1919లో మన విజయనగరం సంగీత కళాశాల పెట్టేనాటికి ఆయనకు దాదాపు 55 ఏళ్లు. నడక, కూర్చునే తీరు వయసును బట్టే ఉండాలి.

మేకప్ మేకప్‌మ్యాన్ చూసుకుంటారు. మీకు అసలు కష్టం చిడతలతోనే. మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే పరికరం) నిమిషానికి 60 దెబ్బలకు పెట్టుకుని, ఆదితాళం 8 అక్షరాలూ, అంటే 8 దెబ్బలూ, చేతికి అలవాటయ్యేదాకా వేయండి. తర్వాత గజ్జెలు కట్టండి, ఆఖర్న మాట కలపండి. కొత్తవాళ్లకు మాట మొదలవగానే చెయ్యి దాని వెంట పరుగెడుతుంది, లయ పెరిగిపోతుంది. చూపు కూడా చేతి మీదకు దిగిపోతుంది. అద్దంలో ఇది తెలీదు, ఫోన్లో తీసి చూసుకోండి.

గజ్జెలు వదులుగా ఉంటే అడుగు పడ్డాక కూడా మోగుతూ సంభాషణను మింగేస్తాయి. కాలికి గుడ్డ చుట్టి, దాని మీద బిగించండి.

మైకు లేకుండా కథ చెప్పిన గొంతు కావాలని అరవకండి, రెండో టేకుకే బొంగురుపోతుంది. ఊపిరి పొట్ట నుంచి తీసి, మాట చివరి అక్షరం దాకా స్పష్టంగా పలకండి. దగ్గర్లో హరికథ చెప్పే భాగవతారు ఉంటే ఈ వారమే వెళ్లి కలవండి.